పసిడి నిల్వలు: అమ్మకమా, కుదువయా?

దేశపు బంగారమును ప్రభుత్వము అమ్మవచ్చునా? 1991లో ఈ ప్రశ్న మనకు ఎదురైనది. విదేశీ మారకద్రవ్యము కొన్ని వారముల దిగుమతులకే మిగిలెను. మే నెలలో చంద్రశేఖర్ ప్రభుత్వ కాలమున 20 టన్నుల బంగారము, తిరిగి కొనుగోలు చేయు వీలుతో, స్విట్జర్లాండు బ్యాంకునకు అమ్మబడినది. 1957 నుండి 1977 వరకు మన మంథనికి శాసనసభ్యులైన పి.వి. నరసింహారావు జూన్‌లో ప్రధాని అయిరి. జూలైలో సుమారు 47 టన్నులు ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకులకు కుదువ పెట్టబడి, కొద్ది నెలలలోనే విడిపింపబడినవి.

బ్రిటన్ 1999–2002 మధ్య సుమారు 395 టన్నులు అమ్మివేయగా, పిమ్మట ధర అనేక రెట్లు పెరిగినది. భారత రిజర్వు బ్యాంకు 2009లో 200 టన్నులు కొన్నది.

బంగారము వడ్డీ నీయదను వాదము నిజమే. కాని ఆపదలో అప్పు పుట్టించినది అదియే. కావున విద్యార్థులారా, ఇంటి నగవలెనే దేశపు పసిడియు కష్టకాలమున కుదువకు పోవచ్చును. నిత్యవ్యయమునకై అమ్ముట తగదు.