ప్రకృతి సేద్యము - కౌలు రైతు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు నల్లరేగడి చేలకు, కె.సి. కాలువ మాగాణికి పేరెన్నిక గన్నవి. కొర్ర, జొన్న పైరులలో కంది సాళ్లు వేయుట ఇచ్చటి పూర్వాచారము. కంది వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. రసాయనిక ఎరువులు వచ్చిన పిమ్మట దిగుబడి పెరిగినది. పెట్టుబడి, అప్పు కూడ పెరిగినవి.

2016 నుండి మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యమును ప్రోత్సహించుచున్నది. 10 కిలోల ఆవుపేడ, 5 నుండి 10 లీటర్ల గోమూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, పిడికెడు గట్టుమన్ను 200 లీటర్ల నీటిలో కలిపి రెండు దినములు పులియబెట్టినదే జీవామృతము. ఇది ఎకరమునకు ఒక మోతాదు. పైరుకన్న ముందు ఇది నేలలోని సూక్ష్మజీవులను పోషించును.

అయితే నేల కోలుకొనుటకు కొన్ని ఏండ్లు పట్టును. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము కౌలు ఒప్పందమునకు నిర్ణయించిన గడువు 11 నెలలే. వచ్చే ఏడు ఎవరి చేతికి పోవునో తెలియని పొలమునకు కౌలుదారు పేడ ఏల తోలును? మన తరగతిలో భూమిగల వారి బిడ్డలు, కౌలుదారుల బిడ్డలు ఒకే బల్లపై కూర్చుందురు. సెలవులలో ఈ ప్రశ్నను మీ పెద్దల ముందుంచుడు. కౌలు గడువు మూడేండ్లకైనా పెరగనిదే ఈ సేద్యము సొంత భూమి గలవారికే పరిమితమగునని మేము తలచుచున్నాము.