డయాలసిస్ అనగానే జీవితాంతమేనా?

“ఒక్కసారి డయాలసిస్ మొదలుపెడితే ఇక జీవితాంతం తప్పదు” అనే మాట మనం తరచూ వింటుంటాం. ఆ భయంతోనే ఆసుపత్రిలో సంతకం పెట్టడానికి తటపటాయిస్తాం. ఆ ఆలస్యం ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈ విషయాన్ని ఒక పాఠంలా తెలుసుకుందాం.

కిడ్నీలు రెండు రకాలుగా దెబ్బతింటాయి. మొదటిది, ఏళ్ల తరబడి మెల్లగా చెడిపోవడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్నది ఇదే. రెండోది, గంటల్లో లేదా రోజుల్లో హఠాత్తుగా పనిచేయకపోవడం. విపరీతమైన వాంతులు, విరేచనాలు, రక్తపింజరి కాటు, తీవ్రమైన మలేరియా, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్, కొన్ని రకాల నొప్పి మాత్రలు ఇందుకు కారణం కావచ్చు. మూత్రం తగ్గుతుంది, ముఖం, కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది.

అయితే ఈ రెండో రకంలో, అసలు కారణానికి సకాలంలో వైద్యం అందితే చాలామందికి కిడ్నీలు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. అందాకా ప్రాణాన్ని నిలబెట్టడమే డయాలసిస్ పని.

యంత్రం ద్వారా రక్తాన్ని శుద్ధి చేసే పద్ధతి మనకు తెలిసినదే. యంత్రం లేకుండా చేసే పద్ధతి ఇంకొకటి ఉంది. అదే పెరిటోనియల్ డయాలసిస్. పొట్ట లోపల పేగులను కప్పి ఉంచే పలుచని పొర పేరు పెరిటోనియం. దాన్నిండా సన్నని రక్తనాళాలు ఉంటాయి. ఆ పొరే ఇక్కడ జల్లెడ.

నీళ్లలో నాని ఉబ్బిన కిస్‌మిస్‌ను చక్కెర పాకంలో వేస్తే ముడుచుకుపోవడం మనం తరగతిలో పిల్లలకు చూపిస్తాం. పాకం దానిలోని నీటిని లాగేస్తుంది. ఇక్కడా అదే సూత్రం. బొడ్డు దగ్గర మెత్తని గొట్టం అమర్చి, గ్లూకోజ్, లవణాలు కలిసిన శుద్ధమైన ద్రవాన్ని, పెద్దవారికైతే సుమారు 2 లీటర్ల వరకు, పొట్టలోకి పంపుతారు. రక్తంలోని యూరియా, పొటాషియం పొర దాటి ద్రవంలోకి వస్తాయి. గ్లూకోజ్ ఒంట్లోని అదనపు నీటిని లాగుతుంది. కొంతసేపు ఉంచి ఆ ద్రవాన్ని బయటికి వదిలేసి, మళ్లీ కొత్తది నింపుతారు.

1923లోనే జర్మనీ వైద్యుడు గియోర్గ్ గాంటర్ దీన్ని రోగిపై ప్రయత్నించారు. రక్తాన్ని బయటికి తీయరు కనుక పసిపిల్లలకూ, రక్తపోటు పడిపోయిన వారికీ ఇది అనువుగా ఉంటుంది. కరెంటు లేకపోయినా చేయవచ్చు.

పరిమితులూ ఉన్నాయి. ఇటీవల పొట్ట ఆపరేషన్ అయినవారికి ఇది సాధారణంగా పనికిరాదు. పొటాషియం ప్రమాదకరంగా పెరిగినప్పుడు యంత్రమే త్వరగా తగ్గిస్తుంది. శుభ్రత లోపిస్తే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది. బయటికి వచ్చిన ద్రవం మబ్బుగా కనిపించినా, కడుపునొప్పి, జ్వరం ఉన్నా వెంటనే చెప్పాలి.

మన ఇంట్లోనో, వీధిలోనో ఎవరికైనా ఈ స్థితి వస్తే డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడుగుదాం: ఇది హఠాత్తుగా వచ్చినదా? కిడ్నీలు కోలుకునే అవకాశం ఉందా? ఏ డయాలసిస్ అనువైనది? జవాబు విన్నాక సంతకానికి ఆలస్యం చేయకుండా ఉందాం.