రావణుడి లిస్టులో మిస్సైన పేరు

చార్మినార్ పై అంతస్తులో ఏముందో మీ వాళ్లని అడిగి చూడండి. 1591లో కట్టారని, పక్కనే లాడ్ బజార్ అని గడగడా చెప్తారు. పైన మసీదుందని, ఆ గడియారాలు 1889లో పెట్టినవని నాకు తెలిసినవాళ్లలో చాలామందికి తెలీదు. రోజూ చూసేదే కదా, ఇంక కళ్లు వెతకవు.

వాల్మీకి రామాయణంలో రావణుడిదీ ఇదే కథ. బ్రహ్మను వరం అడుగుతూ దేవతలు, యక్షులు, నాగులు అని లిస్టు చదివాడు. మనుషులు గడ్డిపరకతో సమానమని వదిలేశాడు. మా టెస్టింగ్ భాషలో ఎడ్జ్ కేస్ అంటే ఇదే, "అది రాదులే" అని అందరూ దాటేసేది!

తర్వాతైనా సమాచారం అందలేదా? రాముడి బాణం దెబ్బ తిన్న మారీచుడు వద్దన్నాడు, చంపేస్తానని బెదిరించాడు. సీతను పంపెయ్యమన్న విభీషణుడి మాటలో అతనికి వినిపించింది జ్ఞాతుల అసూయ మాత్రమే.