ఊరి గడపల్లో నర్సింగ్ పరిశోధన

నర్సింగ్ చదివితే వార్డులో ఉద్యోగం, కుదిరితే విదేశీ అవకాశం. బైపీసీ పిల్లల ఇళ్లలో ఆలోచన సాధారణంగా అంతవరకే సాగుతుంది. పరిశోధన అనే మూడో దారి కూడా ఉందని చాలామందికి ఎమ్మెస్సీలో థీసిస్ రాయాల్సి వచ్చేదాకా తట్టదు. అనకాపల్లి జిల్లా కె.కోటపాడు లాంటి మండలం నుంచి వచ్చిన విద్యార్థినికి ఈ దారిలో ఒక అనుకూలత ఉంది. జనం ఏ వేళ ఇంట్లో ఉంటారో, ఏ మాట ఎవరి ముందు చెప్పరో ఆమెకు ముందే తెలుసు. ఈ ఎరుకను పరిశోధన పద్ధతిగా మార్చుకోవడమే నేర్చుకోవాలి. నర్సింగ్ థీసిస్‌లలో తరచూ కనిపించే రెండు అంశాలతో అదెలాగో చూద్దాం.

పెద్దవాళ్ల మనసు

2017-18లో దేశవ్యాప్తంగా 45 ఏళ్లు పైబడిన 72 వేల మందికి పైగా ప్రజలతో ‘లాసి’ అనే సర్వే జరిగింది. 60 దాటినవారిలో సుమారు 8 శాతం మందికి డిప్రెషన్ ఉండొచ్చని అందులో తేలింది. అయితే ఏ ముసలమ్మా ఆస్పత్రికి వచ్చి దిగులుగా ఉందని చెప్పదు. నిద్ర పట్టడం లేదంటుంది, ఒళ్లు నొప్పులంటుంది. ఇవి వయసు వల్లా వస్తాయి కాబట్టే, 1980లలో అమెరికాలో రూపొందిన జెరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్‌లో శరీర బాధల ప్రశ్నలను పక్కన పెట్టారు. దాని చిన్న రూపంలో 15 ప్రశ్నలుంటాయి. అవును, కాదు అంటే చాలు. సాధారణంగా స్కోరు 5 లేదా అంతకు మించితే అనుమానించాలి. వ్యాధి ఉందని తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

అసలు చిక్కు ప్రశ్నలు అడగడానికి వెళ్లే వేళలో ఉంది. పొద్దున పదకొండింటికి వెళితే చెరకు తోటకో, ఉపాధి పనికో వెళ్లినవాళ్లు దొరకరు. ఒంట్లో బాగోలేక ఇంటిపట్టున ఉన్నవాళ్లే కనిపిస్తారు. వాళ్లనే లెక్కిస్తే ఊళ్లో డిప్రెషన్ ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. ఓటరు జాబితా నుంచి పేర్లు లాటరీగా తీసి, దొరకని ఇంటికి సాయంత్రం మళ్లీ వెళ్లడమే దీనికి మందు. స్కోరు ఎక్కువ వచ్చినవారిని కె.కోటపాడు సామాజిక ఆరోగ్య కేంద్రానికి పంపే ఏర్పాటు సర్వేకి ముందే చేసుకోవాలి. ఎవరైనా చావు ప్రస్తావన తెస్తే ఒంటరిగా వదిలి రాకూడదు. మానసిక సాయం అందించే టెలి మానస్ 14416 నంబరు, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 మీ దగ్గరుండాలి.

హెచ్ఐవీ గురించి మహిళల్ని అడిగేటప్పుడు

మన దేశంలో హెచ్ఐవీని 1986లో చెన్నైలో మొదట గుర్తించారు. 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్ఐవీ 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద హెచ్ఐవీపై సమగ్ర అవగాహన ఉన్నట్టు తేలిన మహిళలు 21.6 శాతమే. కండోమ్ ప్రతిసారీ వాడితే, వైరస్ లేని ఒక్క భాగస్వామికే పరిమితమైతే ముప్పు తగ్గుతుందని తెలియాలి. ఆరోగ్యంగా కనిపించేవారిలోనూ వైరస్ ఉండొచ్చని తెలియాలి. రెండు ప్రధాన అపోహల్ని తోసిపుచ్చాలి. అప్పుడే సమగ్ర అవగాహన కింద లెక్క.

ఇక్కడ ఊరివాళ్లతో పరిచయమే అడ్డం వస్తుంది. పక్కింటి అమ్మాయి ఇలాంటివి అడిగితే, అదీ అత్తగారి ఎదుట, ఏ కోడలూ నోరు విప్పదు. అందుకే మీ ఊరు వదిలి వేరే గ్రామాన్ని ఎంచుకోండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. పేరు రాసుకోకండి. ఎవరికి వైరస్ ఉందో అడగొద్దు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ సమాచారపు గోప్యతకు రక్షణ ఇస్తుంది.

చాలా థీసిస్‌లలో ముందు పరీక్ష, తర్వాత పాఠం, వారానికి మళ్లీ అదే పరీక్ష పెడతారు. మార్కులు పెరగకుండా ఎలా ఉంటాయి? పాఠం చెప్పని మరో గ్రామంతో పోల్చి, మూడు నెలలకు మరోసారి అడిగితే ఆ ఫలితానికి బలం వస్తుంది. తెలిసిన విషయాన్ని భర్తతో మాట్లాడగలదా, హెచ్ఐవీ పరీక్షకు వెళ్లగలదా అన్నదీ అడగాలి.

చదువు, కొలువు

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. పరిశోధన, గణాంకాలు అందులోనే పాఠ్యాంశం. జీఎన్ఎం మూడేళ్లు చదివినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో ఇటు రావచ్చు. ఎమ్మెస్సీకి సాధారణంగా డిగ్రీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు. వృద్ధుల డిప్రెషన్‌పై ఆసక్తి ఉంటే సైకియాట్రిక్ నర్సింగ్, హెచ్ఐవీ నివారణకైతే కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ నప్పుతాయి. రాష్ట్రంలో కోర్సులు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో నడుస్తాయి. సైకియాట్రిక్ నర్సింగ్‌కు బెంగళూరు నిమ్హాన్స్ పేరున్న సంస్థ. పీహెచ్‌డీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాతీయ కన్సార్షియం ఉంది. ప్రవేశ పరీక్షల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్‌నే నమ్మండి.

ఎమ్మెస్సీ తర్వాత నర్సింగ్ కళాశాలల్లో బోధన ప్రధాన అవకాశం. ఐసీఎంఆర్ నిధులతో నడిచే అధ్యయనాల్లో ప్రాజెక్ట్ నర్సు కొలువులుంటాయి. క్లినికల్ ట్రయల్స్‌లో స్టడీ కోఆర్డినేటర్లు కావాలి. బీఎస్సీతోనే గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా చేరినా సర్వే నైపుణ్యం రోజూ పనికొస్తుంది. ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. అది తెలిసే చేరండి.

బీఎస్సీ చదువుతుండగానే కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఒక చిన్న ప్రశ్న ఎంచుకోండి. ఎక్సెల్ నేర్చుకుని మీ లెక్కలు మీరే చేయండి. నైతిక కమిటీ అనుమతి, పాల్గొనేవారి సమ్మతి లేకుండా ఒక్క ఫారం కూడా నింపకండి. పని పూర్తయ్యాక ఫలితాన్ని ఒక పేజీలో తెలుగులో రాసి ఆ ఊరి ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు ఇవ్వండి. ఇంటర్వ్యూలో మీ పరిశోధన వల్ల ఏం జరిగిందని అడిగితే, చెప్పడానికి అప్పుడు మీ దగ్గర నిజమైన సమాధానం ఉంటుంది.