వదినని మంచం దిగనివ్వండి

చెల్లాయిలూ, బాలింత ఇంటికొస్తే ఏం చెయ్యాలో మనలో ఎవరికి తెలీదు? ఏం పెట్టాలో, ఎన్నాళ్లకి బయట తిప్పాలో అమ్మమ్మలు నేర్పారు. మరి వెంటిలేటర్ మీంచి బతికొచ్చిన మనిషికి? మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు.

మాది రామచంద్రపురం. నిరుడు రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి మా వదిన కాకినాడలో ఒక ఆసుపత్రి ఐసీయూలో పన్నెండు రోజులుంది. ఇంటికి రాగానే గుమ్మంలో దిష్టి తీసి, ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కు తీర్చి, గండం గడిచిందనుకున్నాం. మర్నాడు బాత్రూముకని లేచిన మనిషి కాళ్లు ఆనక కూలబడిపోయింది. నలభై ఆరేళ్లకే చేతిలో దువ్వెన నిలవలేదు.

ఆసుపత్రి చీటీలో మాత్రలు రెండు పేజీలున్నాయి. ఎలా కూర్చోబెట్టాలో, ఎప్పుడు నడిపించాలో ఒక్క ముక్క లేదు. మాకు తెలిసిన ప్రేమే చూపించాం. "నువ్వు కదలకు వదినా" అని మంచినీళ్లు కూడా నోటికందించాం. చేతులారా చేసిన తప్పు అదే.

ఎందుకు తప్పో వినండి. 2013లో లండన్ వైద్యులు ఐసీయూ రోగుల తొడ కండ కొలిచారు. పదో రోజుకే దాదాపు 18 శాతం తరిగిపోయింది. 2009లో అమెరికాలో వెంటిలేటర్ మీదున్న 104 మందిలో సగంమందికి, మత్తు ఆపిన వేళల్లో, మొదటి రోజుల నుంచే కాళ్లూ చేతులూ ఆడించి, కూర్చోబెట్టి, నిలబెట్టారు. ఆసుపత్రి వదిలేనాటికి వాళ్లలో 59 శాతం తమ పనులు తాము చేసుకోగలిగారు. మిగతా సగంలో 35 శాతమే. అందుకే మీవాళ్లు ఇంకా ఐసీయూలో ఉండగానే "ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడగండి. విసుక్కున్నా అడగండి.

కోనసీమవాళ్లం కదా, పరామర్శకొచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరిబొండాలే తెస్తారు. పడుకోబెట్టి మాత్రం పట్టకండమ్మా. రోజుల తరబడి వెంటిలేటర్ గొట్టం ఉన్న గొంతు సరిగా మింగలేకపోవచ్చు, పల్చటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు. వదినకి పొరబోయి కళ్లు తేలేస్తే మా ప్రాణాలు పోయాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి కొబ్బరినీళ్లలోని పొటాషియం కూడా ప్రమాదమే, డాక్టర్ని అడగాలి. ఇక పథ్యమని నెలంతా చారన్నమూ బీరకాయా పెడితే కండ దేంతో పడుతుంది? డాక్టరు సరేనన్నాక గుడ్డు, పెసరపప్పు, కొర్రమీను మొదలుపెట్టాం.

ఇంకోటుంది, ఇది మనసుతో వినండి. వదిన రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. ఐసీయూ గోడల మీద పాములు పాకాయట, తనని కట్టేసి గోదాట్లో పడేస్తారనుకుందట. "పిచ్చనుకుంటారని చెప్పలేదే" అంది, మూడు నెలల తర్వాత, నా చెయ్యి పట్టుకుని. పిచ్చి కాదు తల్లీ. అంత జబ్బులో, మత్తుమందుల్లో, రాత్రీ పగలూ తెలియని దీపాల కింద మెదడు పడే కలవరం అది. డెలీరియం అంటారు. ఐసీయూ నుంచి వచ్చాక మిగిలే నీరసాన్ని, మతిమరుపుని, భయాన్ని కలిపి ఒక జబ్బుగా వైద్యులు పేరు పెట్టిందే 2012లో. పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్.

స్కాండినేవియా దేశాల్లో నర్సులు రోగి కోసం రోజూ డైరీ రాసిపెడతారు, ఆ మరుపు రోజుల్లో ఏం జరిగిందో తర్వాత చదువుకోడానికి. మా మేనకోడలు తెలియకుండానే ఆ పని చేసింది, ఫోన్లో అన్నీ రాసుకుంది. చదివి వినిపిస్తే వదిన ఏడ్చి, ఆ రాత్రి నిద్రపోయింది.

ఇక సర్కారు చెయ్యాల్సిందీ ఉంది. 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్య ఆసరా పెట్టారు. ఆపరేషనయ్యి కోలుకునేవాళ్లకి రోజుకి 225 రూపాయల చొప్పున, నెలకి 5 వేల వరకు ఇచ్చేలా అప్పుడు తెచ్చిన పథకం. పని మానుకున్న రోజులకి కూలి ఇవ్వాలన్న ఆలోచన ఎంత మంచిదో! ఆ మనసుతోనే, ఆశా కార్యకర్త వచ్చినట్టు, ఫిజియోథెరపీ చేసేవాళ్లూ ఐసీయూ నుంచి వచ్చినవాళ్ల గుమ్మంలోకి రావాలి. మాకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడ నుంచి పిలిపించుకోవాల్సొచ్చింది. డబ్బున్నన్నాళ్లే వచ్చారు.

మిగతాది మేమే చేయించాం. మొదట మంచం అంచున కూర్చోవడం, తర్వాత తులసికోట దాకా. నిన్న సాయంత్రం సందు చివరి కొట్టుకి తనే వెళ్లి కరివేపాకు తెచ్చింది. దారిలో పక్కింటి అరుగు మీద ఒక్కసారే కూర్చుందట.