విట్నీ తోట

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని లూసియానాయందు, మిసిసిపీ నదీతీరమున విట్నీ తోట కలదు. 1752వ సంవత్సరమున, జర్మనీనుండి వలసవచ్చిన కుటుంబమునకు చెందిన ఆంబ్రోస్ హైడెల్ దానిని స్థాపించెను. అచ్చట తొలుత నీలిమందును, పిదప చెఱకును పండించిరి. ఆ పంటలకై శ్రమించినవారు ఆఫ్రికానుండి ఓడలలో బంధించి తేబడిన బానిసలును, వారి సంతతివారును.

చెఱకు కోతలు వచ్చినచో వారికి రాత్రియు లేదు, పగలును లేదు. నఱికిన చెఱకు నిలువయున్నచో రసము చెడును. కావున గానుగ యాగరాదు. మఱుగుచున్న రసమును ఒక యినుప కాగునుండి మఱియొక కాగులోనికి గరిటెలతో తోడిపోయవలెను. నిద్రలేమిచే తూలినచో ఒడలు కాలును. బెల్లము వండుట చూచినవారికి ఆ వేడిమి యెట్టిదో తెలియును.

యజమాని మరణించినపుడు ఆస్తిపట్టీ వ్రాయుచుండిరి. అందు పశువులతోపాటు మనుష్యుల పేర్లును, వారి వెలయును వ్రాయబడెను.

1865లో రాజ్యాంగపు పదమూడవ సవరణచే దాస్యము రద్దయ్యెను. తరువాత పెక్కు తోటలలో యజమానుల మేడలనే యాత్రికులకు చూపుచు వచ్చిరి. 2014 డిసెంబరులో ప్రదర్శనశాలగా తెఱవబడిన విట్నీ తోటలోనో, బానిసల కథయే ప్రధానము. పట్టీలలోని యా పేర్లు నేడు రాతిఫలకములపై చెక్కబడి యున్నవి. వెలకట్టుటకై వ్రాసిన పేర్లను జనులు గౌరవముతో చదువుచున్నారు.

విముక్తులు కట్టుకొనిన ప్రార్థనాలయ మొకటి యచ్చటికి తరలింపబడెను. అందు బాలబాలికల విగ్రహములు కలవు. 1930 తరువాతి సంవత్సరములలో ప్రభుత్వము నియమించిన లేఖకులు, నాటికి జీవించియున్న పూర్వపు బానిసల మాటలను వ్రాసికొనిరి. అప్పటికి వారు వృద్ధులు. దాస్యమున నున్ననాడు పసివారు. అందుచేతనే శిల్పి వారిని పిల్లలుగా మలచెను.

ఓడ యెక్కునపుడు వారి చేతులలో నేమియు లేదు. కాని పాటను, కథను, వంటను మనస్సున దాచుకొని తెచ్చిరి. ఆదివారములందు న్యూ ఆర్లియన్స్ నగరపు కాంగో స్క్వేరులో కూడి మద్దెలలు వాయించి యాడిరి. జాజ్ సంగీతమునకు ఆ లయ యొక మూలము. లూసియానాలో ప్రసిద్ధమైన గంబో యను పులుసు పేరు, బెండకాయను తెలుపు ఆఫ్రికా పదమునుండి వచ్చినదందురు. మన పంచతంత్రమునందువలెనే, బలవంతుని యుక్తిచే గెలుచు కుందేటి కథలను వారును పిల్లలకు చెప్పుకొనిరి. తాము బలహీనులై యుండియు ఆశ విడువలేదని ఆ కథలే సాక్ష్యము.

బాలలారా! ఒక మనుష్యుని వస్తువుగా నెంచుటకు మొదటి మెట్టు వాని పేరును మఱచుట. ఆ పేరును మరల పలుకుట న్యాయమునకు మొదటి మెట్టు.

ప్రశ్నలు

1. చెఱకు కోతల కాలమున బానిసలు పడిన శ్రమను వర్ణింపుము.
2. ప్రార్థనాలయములోని విగ్రహములు పిల్లల రూపమున నుండుటకు కారణమేమి?