వినిపించని తంబుర

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రం మొరాయించినప్పుడు తొందరపడక, కారణాన్ని క్రమంగా వెదకి తెలుసుకొనే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం. లినక్స్ కంప్యూటరు నుండి వీడియో సంభాషణలోకి ధ్వనిని పంపే విధానం ఇందులో ఉదాహరణగా గ్రహింపబడింది.

పాఠ్యభాగం

గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత సంగీతోపాధ్యాయిని ఉన్నారు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత ఆమె ఇంటి అరుగు మీది పాఠం కంప్యూటరు తెర మీదికి మారింది. అమెరికాలోని డల్లాస్ నగరంలో ఉన్న నలుగురు తెలుగు పిల్లలు ఆమె వద్ద అన్నమాచార్య కీర్తనలు నేర్చుకొంటున్నారు. వేసవిలో ఇక్కడ ఉదయం ఆరు గంటలైతే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. ఆ వేళకు పిల్లలు తెర ముందు కూర్చుంటారు.

ఆమె కంప్యూటరు పాతది. అందులో లినక్స్ నిర్వహణ వ్యవస్థ ఉన్నది. తంబుర శ్రుతి, పాఠానికి కావలసిన పాటలు అన్నీ అందులోనే భద్రపరచి ఉన్నాయి. వాటిలో ఆమెకు ప్రాణప్రదమైనది ఒకటి ఉన్నది. కీర్తిశేషులైన తన గురువుగారు పాడగా ఏనాడో క్యాసెట్టులో పట్టిన కీర్తన అది. ఆ సంగతులు, ఆ పాఠాంతరం మరెక్కడా స్వరపరచి లేవు. టేపు పాడైపోకముందే ఆ గానాన్ని కంప్యూటరులోకి ఎక్కించుకొన్నారు. తన గొంతు వయసుతో సన్నగిల్లుతున్నదనీ, గురువుగారి బాణీ పిల్లల చెవిన పడితే మరొక తరం నిలుస్తుందనీ ఆమె ఆశ.

ఒకనాటి ఉదయం ఆ పాటను వినిపించడానికి ఉపక్రమించారు. అయిదు నిమిషాల పాట ముగిసిన తరువాత ఒక బాలిక మెల్లగా, “అమ్మగారూ! మాకేమీ వినిపించలేదండీ. తంబుర కూడా లేదండీ” అన్నది. ఆమె చెవులకు మాత్రం అంతా స్పష్టంగా వినిపించింది.

పొరుగింట ఇంజనీరింగు చదువుతున్న యువకుడిని పిలిచారు. అతడు చూసి, “పిన్నిగారూ! వ్యవస్థ మొత్తం తీసివేసి కొత్తది ఎక్కిస్తే సరిపోతుందేమోనండీ” అన్నాడు. “గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు నాయనా? ముందు జబ్బేమిటో చూడు. గురువుగారి పాట ఆ పెట్టెలోనే ఉన్నది” అన్నారామె. ఆ మాట అతనిని ఆలోచింపజేసింది. మన వైద్యశాస్త్రంలో చికిత్సకు ముందు నిదానం ఉన్నది. నిదానమంటే రోగకారణ నిర్ణయం. యంత్రానికైనా అదే ధర్మం.

కారణం తెలియాలంటే ముందుగా కంప్యూటరులో ధ్వని నడిచే దారి తెలియాలి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నలును వెలువరించాడు. కాలక్రమంలో దానికి ధ్వని వ్యవస్థలు సమకూరాయి. 1998లో మొదలైన ఆల్సా ధ్వని యంత్రభాగాలతో నేరుగా మాట్లాడుతుంది. 2004లో లెన్నార్ట్ పోటరింగ్ ప్రారంభించిన పల్స్ ఆడియో అనేక అనువర్తనాల ధ్వనులను కలిపి, ఏది ఎటు పోవాలో నిర్ణయించే బాధ్యత వహించింది. విమ్ టేమన్స్ 2015లో ప్రారంభించిన పైప్‌వైర్ ధ్వనిని, దృశ్యాన్ని కూడా నడిపిస్తుంది. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 దీనిని తమ ప్రధాన ధ్వని వ్యవస్థగా స్వీకరించాయి. పల్స్ ఆడియో కోసం తయారైన పనిముట్లు పైప్‌వైర్ మీద కూడా పనిచేస్తాయి.

ఈ వ్యవస్థను గోదావరి డెల్టా కాలువలతో పోల్చవచ్చు. ధవళేశ్వరం వద్ద ఆగిన నీరు ఏ కాలువలోకి వదిలితే ఆ కాలువ వెంటనే పారుతుంది. తూము ఎత్తని పొలానికి నీరు అందదు. ధ్వని కూడా అంతే. ధ్వని వెళ్లి చేరే చోటును సింక్ అంటారు. స్పీకరు, హెడ్‌ఫోన్లు సింకులు. ధ్వని పుట్టి వచ్చే చోటును సోర్స్ అంటారు. మైకు ఒక సోర్స్. ప్రతి సింకుకూ మానిటర్ అనే తోడు సోర్స్ ఒకటి ఉంటుంది. సింకులోకి పోయే ధ్వనికి నకలు అక్కడ లభిస్తుంది.

యువకుడు పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే అనువర్తనాన్ని తెరచి, దారి పొడవునా ఒక్కొక్క మజిలీని పరీక్షించాడు. ప్లేబ్యాక్ పుటలో పాట పక్కనున్న సూచిక కదులుతున్నది. కాబట్టి ధ్వని పుడుతున్నది. అది హెడ్‌ఫోన్లకు చేరుతున్నది. కాబట్టి మొదటి రెండు మజిలీలలో దోషం లేదు. తరువాత రికార్డింగ్ పుటను చూశాడు. ధ్వనిని స్వీకరిస్తున్న అనువర్తనాలు మాత్రమే ఇందులో కనిపిస్తాయి. అందుచేత సంభాషణ నడుస్తుండగానే దీనిని పరీక్షించాలి. సంభాషణ అనువర్తనం మైకు నుండి మాత్రమే ధ్వనిని తీసుకొంటున్నదని అక్కడ తేలింది. పాట మైకులో పడనే లేదు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకినట్లు, దోషం కంటి ఎదుటనే ఉన్నది.

“మరి నిన్నటి దాకా తంబుర వినిపించింది కదా!” అన్నారు ఉపాధ్యాయిని. ఆ ప్రశ్న విలువైనది. నిన్నటికీ నేటికీ మారినదేమిటని విచారించగా, ఆమె ముందురోజు సాయంత్రమే కొత్త హెడ్‌ఫోన్లు కొన్నట్లు తెలిసింది. అంతకుముందు స్పీకరు నుండి వెలువడిన తంబుర నాదం గదిలో వ్యాపించి మైకులో పడేది. పిల్లలు విన్నది ఆ చాటు ధ్వనినే. హెడ్‌ఫోన్లు రాగానే ఆ అడ్డదారి మూసుకుపోయింది. నిజానికి సరైన దారి ఏనాడూ లేదు.

యువకుడు రికార్డింగ్ పుటలో మైకుకు బదులు హెడ్‌ఫోన్ల మానిటరును ఎంపిక చేశాడు. డల్లాసులో పాట వినిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాని వెంటనే మూడు చిక్కులు వచ్చాయి. మైకు తెగిపోవడంతో ఉపాధ్యాయిని మాట ఆగిపోయింది. పిల్లల మాటలు ఆమె హెడ్‌ఫోన్లలో మోగి, మానిటరు ద్వారా తిరిగి వారికే ప్రతిధ్వనిగా చేరాయి. ఎవరో పంపిన సందేశం తాలూకు గంట కూడా అందరికీ వినిపించింది. సింకులోకి పోయేదంతా మానిటరు పంపుతుంది. అందులో ఇతరులు వినదగనివి కూడా ఉండవచ్చు.

కావలసింది పాటకు ప్రత్యేకమైన కాలువ. ఏ యంత్రభాగానికీ చెందని ఊహా సింకును నల్ సింక్ అంటారు. ఒక సోర్సును ఒక సింకుతో కలిపే వంతెనను లూప్‌బ్యాక్ అంటారు. యువకుడు రెండు నల్ సింకులను సృష్టించి, వాటికి ‘పాట’, ‘బోధన’ అని పేర్లు పెట్టాడు. పాటను, తంబురను ‘పాట’ సింకులోకి మళ్లించాడు. అక్కడి మానిటరు నుండి ఒక వంతెన హెడ్‌ఫోన్లకు, మరొక వంతెన ‘బోధన’కు వేశాడు. మైకు నుండి కూడా ‘బోధన’కు వంతెన వేశాడు. సంభాషణ అనువర్తనానికి ‘బోధన’ మానిటరును ఇచ్చాడు. పిల్లల మాటలు మునుపటివలె హెడ్‌ఫోన్లకే పోతాయి. అందువల్ల ప్రతిధ్వని తొలగింది. గురువు కంఠం, పాట కలిసి ప్రయాణించాయి.

ఒకే సింకు ఎందుకు చాలదు? మైకును, పాటను ఒకే సింకులో కలిపి హెడ్‌ఫోన్లకు పంపితే ఉపాధ్యాయినికి తన గొంతే కొంత ఆలస్యంగా వినిపించి లయ చెదరిపోతుంది. కాలువలు వేరుచేయడంలోని ప్రయోజనం అదే. అన్నివేళలా ఇంత శ్రమ అవసరం లేదు. సంభాషణ, పాట రెండూ క్రోమ్ వంటి బ్రౌజరులోనే ఉంటే, పాట ఉన్న ట్యాబును ఎంచుకొని దాని ధ్వనిని కూడా పంచుకొనే అవకాశం ఉన్నది. మొదట సులభోపాయాన్ని పరీక్షించడం వివేకం.

ఇంత చేసినా తంబుర కొన్ని క్షణాలు వినిపించి మాయమవుతూ వచ్చింది. గురువుగారి పాటలో దీర్ఘస్వరాలు తెగిపోయాయి. ఈసారి దోషం లినక్సులో లేదు. సంభాషణ అనువర్తనాలు మాటకు ప్రాధాన్యమిస్తాయి. పంకా చప్పుడు వంటి ఎడతెగని మోతను రొదగా భావించి అణచివేస్తాయి. తంబుర నాదం కూడా ఎడతెగనిదే. సంగీతజ్ఞునికి ఆధారమైన శ్రుతి యంత్రానికి రొదగా తోచింది! అమరికలలో రొద నివారణను ఆపివేయగానే నాదం నిలిచింది. హెడ్‌ఫోన్లు ధరించినందువల్ల ప్రతిధ్వని భయం కూడా లేదు.

అప్పుడు గురువుగారి కీర్తన మళ్లీ మొదలయింది. ఈసారి డల్లాసులో నలుగురు పిల్లలూ కదలకుండా విన్నారు. పాట ముగిశాక ఆ బాలిక పల్లవి అందుకొన్నది. ఒక సంగతి తడబడింది. రెండవది గురువుగారి బాణీలోనే పలికింది. ఉపాధ్యాయిని కొంగుతో కళ్లు అద్దుకొన్నారు.

పిల్లలతో తానూ గొంతు కలపాలని ఆమెకు కోరిక కలిగింది. అది మాత్రం సాధ్యపడలేదు. రాజమహేంద్రవరం నుండి డల్లాసుకు సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. దారి తిన్నగా ఉన్నా, పోవడానికే 70 మిల్లీ సెకన్లు, రావడానికి మరొక 70 పడతాయి. తక్కిన ఆలస్యాలు దీనికి అదనం. మాటలకు ఇది చాలును గాని, తాళం కలపడానికి చాలదు. కొన్ని దోషాలను సవరించవచ్చు, కొన్నింటిని ప్రకృతి నియమాలుగా గుర్తించి నడచుకోవాలి. అందుచేత ఒకరు పాడగా మరొకరు వినే పాత గురుకుల పద్ధతినే ఆమె కొనసాగించారు.

ఇలా వేసిన వంతెనలు కంప్యూటరును ఆపి మళ్లీ పెడితే చెరిగిపోతాయి. అందువల్ల యువకుడు ఆ ఆదేశాలను ప్రారంభంలోనే అమలయ్యే దస్త్రంలో రాసిపెట్టాడు. ధ్వని నడిచే దారిని కాగితం మీద చిత్రించి గోడకు అంటించాడు. గురువుగారి పాటకు రెండు ప్రతులు తీసి వేరువేరు చోట్ల భద్రపరిచాడు. ధ్వని మళ్లీ ఆగితే ఏ మజిలీలో ఆగిందో ఇప్పుడు ఉపాధ్యాయినే గుర్తించగలరు. ఒకసారి ఒక్క మార్పే చేయడం, ఫలితం చూసిన తరువాతనే రెండవదానికి పూనుకోవడం ఆమె అలవరచుకొన్నారు. స్వరం తప్పిన చోటు నుండే మళ్లీ పాడించడం తెలిసిన ఆమెకు ఇది కొత్త విద్య కాదు.

కఠిన పదాలు – అర్థాలు

నిదానం = రోగకారణ నిర్ణయం
పాఠాంతరం = గురుపరంపరగా వచ్చిన పాట రూపం
ఉపక్రమించు = ఆరంభించు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
తూము = నీరు వదలడానికి కట్టిన ద్వారం
రొద = అక్కరలేని మోత
దస్త్రం = ఫైలు

అభ్యాసాలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కంప్యూటరులో ధ్వని నడిచే విధానాన్ని గోదావరి కాలువలతో పోల్చి వివరించండి.
2. తంబుర వినిపించకపోవడానికి గల కారణాలను యువకుడు కనుగొన్న క్రమాన్ని తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మానిటరును ఎంపిక చేసినప్పుడు వచ్చిన మూడు చిక్కులేవి?
2. రెండు నల్ సింకులు ఎందుకు అవసరమయ్యాయి?
3. డల్లాసు పిల్లలతో కలిసి పాడడం ఎందుకు సాధ్యపడలేదు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పల్స్ ఆడియోను ప్రారంభించినవారెవరు?
2. లూప్‌బ్యాక్ అంటే ఏమిటి?
3. రికార్డింగ్ పుటను ఎప్పుడు పరీక్షించాలి?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. “గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు నాయనా?”
2. “మరి నిన్నటి దాకా తంబుర వినిపించింది కదా!”